కుటుంబ చరిత్ర ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో, హార్డ్ డిస్క్‌లో భద్రపరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత ఫొటోలు, ఉత్తరాలు, దస్తావేజులు స్కాన్ చేసి వంశవృక్షం కూర్చే పని మా ఇంట్లో నా మీద పడి చాలా కాలమైంది. ఆ సంగతి తెలిసిన బంధువులు, వారి స్నేహితులు అడిగే సందేహాలు తిరిగి తిరిగి ఇవే కావడంతో వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు అవసరమైన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఫైళ్లన్నీ లాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి కదా, మళ్లీ కాపీ ఎందుకు?

బాగున్నంత వరకే బాగుంటాయి. లాప్‌టాప్ దొంగల పాలు కావచ్చు, నీళ్లు ఒలకవచ్చు, మరమ్మతుకు ఇచ్చిన చోట అడగకుండానే ఫార్మాట్ చేసి ఇవ్వవచ్చు. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర ముంచెత్తినప్పుడు గాని, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు ఇళ్లలోకి వచ్చినప్పుడు గాని బీరువాల అడుగు అరలలోని కాగితాలూ కంప్యూటర్లూ ఒకేసారి తడిశాయి. అసలు కాగితం, దాని స్కాను ఒకే గదిలో ఉంటే ఒకే ఆపద రెండింటినీ తీసుకుపోతుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో అనే 3-2-1 పద్ధతిని ఈ పని చేసేవారు పాటిస్తారు.

గూగుల్ ఫొటోస్‌లో అన్నీ ఉన్నాయి. ఇంకా హార్డ్ డిస్క్ అవసరమా?

అవసరమే. ఫోన్‌కు, ఖాతాకు మధ్య జరిగేది సమకాలీకరణ. ఒక చోట తొలగించిన ఫొటో రెండో చోట కూడా పోతుంది. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించే ఫొటోలు 15 జీబీల ఉచిత జాగాలో లెక్కకు వస్తున్నాయి గనుక ఆ జాగా నిండగానే కొత్తవి ఎక్కడం ఆగిపోతుంది, ఆ సంగతి చాలామంది గమనించరు. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రెండేళ్లపాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను అందులోని ఫొటోలతో సహా తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది. ఇంటి పెద్ద కాలం చేశాక వారి ఖాతాను తెరిచేవారు లేకపోతే అందులో ఉన్నవన్నీ అలా పోయే అవకాశం ఉంది. ఖాతాలో ఉన్నవన్నీ దింపుకోవడానికి గూగుల్ ఇచ్చే టేక్అవుట్ అనే సేవ ద్వారా మొత్తం దింపుకొని హార్డ్ డిస్క్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు ఫొటోల పక్కన జేసన్ అనే చిన్న చిన్న ఫైళ్లు కూడా వస్తాయి. మీరు రాసుకున్న వివరణలు, తేదీలు వాటిలోనే ఉంటాయి కనుక చెత్త అనుకొని తీసివేయవద్దు.

అన్నీ ఒకేసారి చేయడం నా వల్ల కాదు. ముందు దేన్ని భద్రపరచాలి?

మళ్లీ తెచ్చుకోలేనిది ముందు, తెచ్చుకోగలిగినది తరువాత. చాలామంది దస్తావేజులతో మొదలుపెడతారు, ఎందుకంటే వాటి వెనుక ఆస్తి ఉంది. కానీ రిజిస్టరైన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది, ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కూడా దరఖాస్తు చేస్తే వస్తుంది. దొరకనిది అమ్మమ్మ గొంతు. ఎనభై దాటిన పెద్దావిడ తన పెళ్లికి బండ్లు ఎక్కడ విడిచారో, విడిదిల్లు ఎవరిదో చెబుతుండగా ఫోన్‌లో రికార్డు చేసిన ఇరవై నిమిషాలు ఆ ఫోన్‌తోనే పోతే ఇక అంతే.

నా వరస ఇది: మొదట గొంతులు, వీడియోలు, తరువాత చేతిరాత ఉత్తరాలు, డైరీలు, జాతకాలు, కాశీ గయలలో పండాల పద్దు పుస్తకాల నుంచి తీసుకున్న పేజీల ఫొటోలు, ఆ తరువాత ఇంట్లో ఒకే ప్రతి ఉన్న పాత ఫొటోలు, చివరగా ప్రభుత్వ కార్యాలయాలలో నకలు దొరికే కాగితాలు. గోత్రాలు, వంశక్రమం పాడి చెప్పే వంశరాజుల చేత చెప్పించి రికార్డు చేసినది మీ దగ్గర ఉంటే, దాన్ని అన్నిటికన్నా ముందు పెట్టండి. ఆ పాట కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఎంత జాగా కావాలో ఎలా లెక్క వేసుకోవాలి?

నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా టిఫ్ ఫైలుగా దాచితే సుమారు 26 ఎంబీ అవుతుంది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో చేసినా దాదాపు అంతే. అంటే వెయ్యి ఫొటోలకు 26 జీబీ. మామూలు ఎంపీ3 నాణ్యతలో గంట సంభాషణ 60 ఎంబీ లోపు ఉంటుంది, కుదించని వేవ్ ఫైలైతే 600 ఎంబీ దాటుతుంది. జాగాను మింగేవి వీడియోలు. మొత్తం లెక్క వేసుకొని దానికి రెట్టింపు జాగా ఉన్న పరికరం కొనండి, ఎందుకంటే మీరు ఈ పని చేస్తున్నారని తెలియగానే చిన్నాన్నగారింటి అటక మీద నుంచి ఇంకో పెట్టె దిగుతుంది.

## పరికరం కొనేటప్పుడు

పెన్‌డ్రైవ్ సరిపోతుందా, హార్డ్ డిస్క్ కొనాలా, ఎస్ఎస్‌డీ మంచిదా?

ఫైళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి మోయడానికి పెన్‌డ్రైవ్, ఏళ్ల తరబడి దాచడానికి హార్డ్ డిస్క్ అన్నది నా సలహా. పెన్‌డ్రైవ్, లోపల తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ రెండూ సమాచారాన్ని విద్యుదావేశం రూపంలో పట్టి ఉంచుతాయి. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా కారుతుంది. హార్డ్ డిస్క్‌లో అయస్కాంత పద్ధతి కనుక ఆ భయం తక్కువ. అయితే లోపల తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు ఉంటాయి కాబట్టి తిరుగుతుండగా చేయి తగిలి కింద పడితే దాని పని అయిపోయినట్టే. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఎస్ఎస్‌డీ కొని ఆరు నెలలకొకసారి కంప్యూటరుకు తగిలించడం మేలు. రెండు ప్రతులు పెట్టగలిగితే ఒకటి హార్డ్ డిస్క్, ఒకటి ఎస్ఎస్‌డీ తీసుకోండి. ఒకే కంపెనీ, ఒకే రోజు కొన్న రెండు డిస్కులు తీసుకోకండి, ఒకే తయారీ లోపం రెండింటిలోనూ ఉండవచ్చు.

1 టీబీ అని కొంటే 931 జీబీనే చూపిస్తోంది. దుకాణంలో మోసం చేశారా?

లేదు. తయారీదారులు లక్ష కోట్ల బైట్లను 1 టీబీ అంటారు. విండోస్ 1024 చొప్పున భాగించి లెక్కిస్తుంది కనుక అదే సంఖ్య 931గా కనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ కొన్ని వందల రూపాయలకే వస్తోంది. కొనవచ్చా?

కొనవద్దు. అలాంటి వాటిలో నిజానికి పదో వంతు జాగా కూడా ఉండదు. పరిమాణం గురించి కంప్యూటరుకు అబద్ధం చెప్పేలా లోపల మార్చి అమ్ముతారు. మీరు కాపీ చేస్తూ పోతే ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిచినప్పుడే లోపల ఏమీ లేదని తెలుస్తుంది. ఇప్పటికే కొని ఉంటే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములతో అసలు జాగాను పరీక్షించండి. అది తేలే వరకు ఒక్క ఫొటో కూడా అందులో పెట్టకండి.

నా దగ్గర విండోస్ ఉంది, అమెరికాలో ఉన్న అన్నయ్య దగ్గర మ్యాక్ ఉంది. ఏ ఫార్మాట్ చేయాలి?

ఎక్స్‌ఫ్యాట్. ఫార్మాట్ అంటే డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్, ఫ్యాట్32 అనేవి అలాంటి పద్ధతులు. ఎక్స్‌ఫ్యాట్‌ను రెండింటిలోనూ చదవవచ్చు, రాయవచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది గాని అదనపు సాఫ్ట్‌వేరు లేకుండా దాని మీద రాయదు. పాత ఫ్యాట్32లో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఒక లోపం ఉంది: రాస్తుండగా ఊడదీస్తే ఎన్‌టీఎఫ్ఎస్ తట్టుకున్నంతగా తట్టుకోలేదు, కాబట్టి ఎజెక్ట్ చేశాకే, అంటే తీస్తున్నానని కంప్యూటరుకు చెప్పాకే తీయాలి. మ్యాక్‌లో వాడి తెచ్చాక చుక్క, కింది గీతతో మొదలయ్యే పేర్లతో చిన్న చిన్న ఫైళ్లు ప్రతి ఫొటో పక్కనా కనిపించవచ్చు. అవి మ్యాక్ రాసుకున్న గుర్తులే, వైరస్ కాదు. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా పోతుంది గనుక ఆ పని కొత్తగా కొన్న రోజునే చేయండి.

## ఫైళ్లు సర్దుకునేటప్పుడు

ఫైళ్లకు పేర్లు తెలుగులో పెట్టవచ్చా?

పెట్టవచ్చు. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్ అన్నీ యూనికోడ్ తెలుగును, అంటే ప్రత్యేక ఫాంటు అక్కరలేకుండా అంతటా ఒకే సంకేతాలతో రాసే తెలుగును చూపిస్తాయి. ఫొటో స్టూడియో యంత్రాలు, కొన్ని టీవీలు మాత్రం డబ్బాలు చూపిస్తాయి. పేరు పొడవులో ఒక చిక్కు ఉంది. లినక్స్‌లో ఒక్కో పేరుకు 255 బైట్లే పరిమితి, తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ 3 బైట్లు పడతాయి, ఒత్తులూ గుణింతపు గుర్తులూ వేరే లెక్క. కాబట్టి 85 సంకేతాలు దాటితే కాపీ ఆగిపోతుంది. సంవత్సరంతో మొదలుపెట్టి ‘1964-05 శుభలేఖ’ అన్నంత పొట్టిగా పెట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు, ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి.

పాత కాగితం మీద తెలుగు సంవత్సరం మాత్రమే ఉంటే తొందరపడకండి. విజయ నామ సంవత్సరం 1893-94లో వచ్చింది, 1953-54లో వచ్చింది, 2013-14లో మళ్లీ వచ్చింది. కాగితంలోని మనుషుల వయసులను బట్టి ఏ చుట్టు విజయో తేల్చుకోవాలి. భూమి కాగితాలలో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1358 అంటే 1948-49.

ఫొటోలో ఉన్నది ఎవరో ఎక్కడ రాయాలి, ఎలా రాయాలి?

ఈ ప్రశ్నను తక్కువమంది అడుగుతారు, నిజానికి అందరూ అడగవలసింది ఇదే. డిస్క్ నిండా ఫొటోలు క్షేమంగా ఉండి అందులోని ముఖాలు ఎవరివో చెప్పేవారు లేకపోతే దాచినది జాగా మాత్రమే.

మొదటి జాగ్రత్త: వరసలతో పేర్లు పెట్టవద్దు. ‘పెద్దమ్మ పెళ్లి’ అని రాస్తే రాసినవారికి తెలుస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత తెరిచే మనవరాలికి ఆ పెద్దమ్మ ఎవరికి పెద్దమ్మో తెలియదు. మా ఇంటి తొలి స్కానుల్లో ‘తాతయ్య’ అన్న పేరుతో ముగ్గురు వేర్వేరు మనుషులు ఉన్నారు, ఎందుకంటే నేనొకటి, మా మేనత్త కొడుకొకటి, మా పిన్ని ఒకటి పేర్లు పెట్టాం.

రెండవది: తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంటిపేరు, ఒకే పేరు తరం విడిచి తరంలో వస్తాయి. అందుకని పేరు పక్కన తండ్రి పేరు గాని పుట్టిన సంవత్సరం గాని చేర్చాలి. స్త్రీలకు పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు రెండూ రాయాలి. లేకపోతే సగం వంశం అక్కడే తెగిపోతుంది.

ఇవన్నీ ఫైలు పేరులో ఇమడవు. ప్రతి ఫోల్డరులోనూ ‘వివరాలు’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టి, ఫొటో పేరు, అందులో ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఎక్కడ, ఎప్పుడు, ఈ సంగతి ఎవరు చెప్పారు అని యూనికోడ్ తెలుగులో రాయండి. ఫొటో వెనుక ఎవరైనా ఏదైనా రాసి ఉంటే వెనుక వైపు కూడా స్కాన్ చేయండి.

వాట్సాప్‌లో బంధువులు పంపిన ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు అలాగే కాపీ చేయవచ్చా?

చేయవచ్చు, కానీ వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది, అది తీసిన తేదీ వంటి సమాచారాన్ని కూడా వదిలేస్తుంది. అసలు ఫొటో కావాలంటే పంపేవారిని ‘డాక్యుమెంట్’గా పంపమనండి. వాయిస్ మెసేజ్‌లు ఓపస్ అనే రకంలో ఉంటాయి, వీఎల్‌సీ ప్లేయరులో వినవచ్చు. వాటిని అలాగే ఉంచి పక్కన ఒక ఎంపీ3 ప్రతి కూడా పెట్టండి. ఫైలు పేరులో ఉన్న తేదీ పంపిన తేదీయే గాని ఫొటో తీసిన తేదీ కాదని గుర్తుంచుకొని పేరు మార్చండి.

వంశవృక్షం సాఫ్ట్‌వేరులో తయారుచేశాను. గెడ్‌కామ్ ఫైలు ఒక్కటి కాపీ చేస్తే చాలదా?

చాలదు. గెడ్‌కామ్ అంటే వంశవృక్షాన్ని ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రాముకు మోసే టెక్స్ట్ ఫైలు. ఎక్కువ ప్రోగ్రాములు ఇప్పటికీ ఇచ్చే 5.5.1 రకం గెడ్‌కామ్‌లో పేర్లు, తేదీలు, సంబంధాలు ఉంటాయి. ఫొటో ఉండదు, మీ కంప్యూటరులో అది ఏ ఫోల్డరులో ఉందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. వేరే కంప్యూటరులో తెరిస్తే చెట్టు కనిపిస్తుంది, ముఖాలు కనిపించవు. 2021లో వచ్చిన 7.0 రకంలో ఫొటోలతో కలిపి ఒకే జిప్‌గా కట్టే వీలు ఉంది, మీ ప్రోగ్రాము దాన్ని ఇస్తే వాడండి. గ్రాంప్స్ అనే ఉచిత వంశవృక్ష ప్రోగ్రాము వాడేవారు జీపీకేజీ అనే మూట రకాన్ని ఎంచుకుంటే ఫొటోలు కూడా వస్తాయి. ఏ ప్రోగ్రామైనా సరే, మూడు కలిపి కాపీ చేయండి: ప్రోగ్రాము సొంత ఫైలు, గెడ్‌కామ్ ఫైలు, ఫొటోల ఫోల్డరు.

ఇంకో పరీక్ష: గెడ్‌కామ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెలుగు పేర్లున్న చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తే తెలుగును దాచగలిగే యూటీఎఫ్-8 అనే అమరిక ఎంచుకోకుండా దాచారన్న మాట. ఆ ఫైలులో తెలుగు పోయినట్టే గనుక ప్రోగ్రాములోకి వెళ్లి మళ్లీ తీయండి.

తాతగారి జీవిత చరిత్రను డీటీపీలో అను ఫాంట్లతో టైపు చేయించాం. ఇప్పుడు తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

ఫైలు చెడలేదు. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చుంటాయి, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అడుగున ఉన్న ఇంగ్లీషు గుర్తులే కనిపిస్తాయి. పైగా ఆ ఫైళ్లు చాలావరకు పేజ్‌మేకరులో చేసినవి, ఆ ప్రోగ్రాము ఇప్పుడు రావడం లేదు. ఇంకా పేజ్‌మేకరు నడుపుతున్న డీటీపీ కేంద్రానికి వెళ్లి ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌గా మార్పించండి, యూనికోడ్‌లోకి కూడా మార్పించుకోండి. మార్పిడిలో ఒత్తులు, సున్నలు తారుమారవుతాయి కనుక అచ్చు ప్రతిని పక్కన పెట్టుకొని ఒకసారి చదివి దిద్దాలి. మూల ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్ ప్రతి మూడూ డిస్క్‌లో ఉంచండి.

పెళ్లి సీడీలు, డీవీడీలు ఉన్నాయి. వాటిని కూడా చేర్చాలా?

వెంటనే చేర్చండి. ఇంట్లో రాసుకున్న డిస్కుల మీది రంగు పొర ఏళ్లు గడిచే కొద్దీ చెడుతుంది, వాటిని చదివే డ్రైవు ఉన్న కంప్యూటర్లు కూడా తగ్గిపోయాయి. డీవీడీలో వీడియో 1 జీబీ ముక్కలుగా ఉంటుంది. ఒక్క ముక్కను కాకుండా మొత్తం ఫోల్డరును కాపీ చేయండి.

## కాపీ చేసేటప్పుడు

కట్ చేసి పేస్ట్ చేస్తే లాప్‌టాప్‌లో జాగా కూడా మిగులుతుంది కదా?

కట్ చేస్తే మిగిలేది ఒకే ప్రతి. చోటు మారిందే గాని భద్రత పెరగలేదు. పైగా మధ్యలో తీగ కదిలితే ఏది ఎటు పోయిందో తేల్చుకోవలసి వస్తుంది. ఎప్పుడూ కాపీయే చేయండి.

కాపీ క్షణంలో అయిపోయింది. పెన్‌డ్రైవ్‌లో చూస్తే 2 కేబీ అని ఉంది. సరిగానే అయిందా?

కాలేదు. మీరు కాపీ చేసింది ఫోల్డరును కాదు, డెస్క్‌టాప్ మీద ఉన్న దాని షార్ట్‌కట్‌ను. బొమ్మ మూలలో చిన్న వంపు బాణం ఉంటే అది షార్ట్‌కట్.

ఈ పొరపాటు నేనే చేశాను. ఊళ్లో తద్దినానికి అందరూ చేరినప్పుడు చూపించాలని వంశవృక్షం ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసుకొని బయలుదేరాను. భోజనాలయ్యాక పెద్దలంతా టీవీ ముందు కూర్చున్నారు, బాబాయి కళ్లజోడు తుడుచుకొని సిద్ధంగా ఉన్నారు. పెన్‌డ్రైవ్ పెడితే ఒకే ఒక్క పసుపు ఫోల్డరు బొమ్మ, నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న నా కంప్యూటరులో ఆ ఫోల్డరు ఎక్కడుందో చెప్పే చిరునామా తప్ప అందులో ఇంకేమీ లేదు. ‘పోనీలే, నోటితో చెప్పు’ అన్నారు బాబాయి. ఆ రోజు నుంచి కాపీ అయ్యాక రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో పరిమాణం చూడకుండా పెన్‌డ్రైవ్ తీయను.

200 జీబీ కాపీ కావడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యలో కరెంటు పోతే?

యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ సెకనుకు 100 ఎంబీ చొప్పున రాస్తే అరగంట పైచిలుకు, పాత యూఎస్‌బీ 2 రంధ్రంలో పెడితే దాదాపు రెండు గంటలు. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. లాప్‌టాప్ నిద్రలోకి జారకుండా సెట్టింగు మార్చి, చార్జరు పెట్టి మొదలుపెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. మధ్యలో ఆగిపోతే ఆ సమయంలో రాస్తున్న ఫైలు సగంలో తెగి ఉంటుంది, దాన్ని తొలగించి మళ్లీ కాపీ చేయాలి.

‘ఫైలు చాలా పెద్దది’ అంటోంది, జాగా మాత్రం ఖాళీగానే ఉంది. ఎందుకు?

మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది, అందులో 4 జీబీ మించిన వీడియో పట్టదు. ఉన్నవి వేరే చోటికి కాపీ చేసుకొని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి. దారి పొడవు ఎక్కువైందని అంటే అది వేరే సంగతి. విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఫోల్డర్ల పేర్లన్నీ కలిపి 260 అక్షరాలకు మించితే తడబడతాయి. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు అని లోతుగా పెట్టకుండా ఉంటే సరిపోతుంది.

ప్రతిసారీ మొత్తం మళ్లీ కాపీ చేయాలా?

అక్కరలేదు. ఫ్రీఫైల్‌సింక్ వంటి ఉచిత ప్రోగ్రాములు కొత్తవి, మారినవి మాత్రమే పంపుతాయి. అందులో ‘మిర్రర్’ అనే పద్ధతి కంప్యూటరులో మీరు పొరపాటున తొలగించినదాన్ని డిస్క్ మీద నుంచి కూడా తొలగిస్తుంది. వంశ చరిత్రకు ‘అప్‌డేట్’ పద్ధతి ఎంచుకోండి, అది చేర్చుతుందే గాని తీసివేయదు.

## సరిచూసుకునేటప్పుడు

అన్నీ సరిగ్గా కాపీ అయ్యాయని ఎలా తెలుస్తుంది?

రెండు వైపులా ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి ఫైళ్ల సంఖ్య, బైట్ల సంఖ్య పోల్చడం మొదటి మెట్టు. సంఖ్యలు కలిసినా లోపల ఒక బిట్టు తేడా ఉండవచ్చు. దాన్ని పట్టేది చెక్‌సమ్, అంటే ఫైలులోని ప్రతి బైటునూ చదివి తయారుచేసే ఒక వేలిముద్ర. 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోండి. అసలుకూ కాపీకీ ఒకే వేలిముద్ర వస్తే రెండూ ఒకటే. టెరాకాపీ వంటివి కాపీ చేస్తూనే ఈ పోలిక కూడా చేస్తాయి.

ఇంత చేసినా చివరి పరీక్ష ఒకటుంది. డిస్క్‌ను మీది కాని కంప్యూటరులో పెట్టి, ఈ పని తెలియని ఇంకొకరి చేత తెరిపించండి. ఒక ఫొటో, ఒక గొంతు, ఒక దస్తావేజు, వంశవృక్షం వారంతట వారే వెతికి తెరవగలిగితేనే అది బ్యాకప్. మీ కంప్యూటరులో తెరుచుకున్నది మీ ఫాంట్లు, మీ ప్రోగ్రాములు అక్కడ ఉన్నందువల్ల తెరుచుకొని ఉండవచ్చు.

‘సేఫ్‌లీ రిమూవ్’ నొక్కకుండా తీస్తే నిజంగా ఏమైనా అవుతుందా?

చాలాసార్లు ఏమీ కాదు. 2018 చివరి నుంచి వచ్చిన విండోస్ 10లో వెంటనే తీయడానికి అనువైన అమరికే మామూలుగా ఉంటుంది. అయినా రాయడం పూర్తి కాకముందు తీస్తే ఫైలు తెగుతుంది, ఒక్కోసారి ఫోల్డర్ల పట్టికే చెడుతుంది. మ్యాక్‌లో తప్పనిసరిగా ఎజెక్ట్ చేయాలి. ఐదు సెకన్ల పని.

## దాచేటప్పుడు

డిస్క్‌ను ఎక్కడ పెట్టాలి?

పొడిగా, చల్లగా ఉండే చోట. బీరువా మంచిదే, అటక మంచిది కాదు; ఎండాకాలంలో రేకుల కింద వేడి విపరీతంగా ఉంటుంది. ఆపి ఉంచిన కారులో వదలవద్దు. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలి లోహపు అంచులను తుప్పు పట్టిస్తుంది కనుక మూత బిగువుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచితో పెట్టండి. ఫ్రిజ్ మీద, స్పీకర్ల పక్కన పెట్టకండి. రెండవ ప్రతి వేరే ఊళ్లో ఉన్న అక్క గాని తమ్ముడు గాని తమ ఇంట్లో ఉంచుకోవాలి. అదే వీధిలోని ఇల్లయితే వరద రెండిళ్లలోకీ వస్తుంది.

పాస్‌వర్డ్ పెట్టాలా?

ఫొటోలకు, గొంతులకు వద్దని నా అభిప్రాయం. అమ్మమ్మ పెళ్లి ఫొటోను దొంగిలించే దొంగకన్నా పాస్‌వర్డ్ మరిచిపోయే మనిషి ఎక్కువ. ఆధార్, పాసుపుస్తకాలు, వీలునామా, బ్యాంకు కాగితాలను మాత్రం వేరే ఫోల్డరులో పెట్టి వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాముతో గాని, విండోస్ ప్రో ఉంటే అందులోనే ఉండే బిట్‌లాకర్‌తో గాని తాళం వేయండి. ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి ఇంటి దస్తావేజుల కవరులో ఉంచండి. పాస్‌వర్డ్ పోతే ఆ తాళాన్ని తెరిచేవారు ఎవరూ ఉండరు.

జిరాక్స్ షాపులో ప్రింటు తీయించడానికి ఇదే డిస్క్ తీసుకువెళ్లవచ్చా?

వెళ్లవద్దు. అక్కడి కంప్యూటరుకు రోజుకు ఎన్నో పెన్‌డ్రైవ్‌లు తగులుతాయి. ఇంటికి తెచ్చాక ఫోల్డర్లన్నీ మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపించే వైరస్ అక్కడి నుంచే ఎక్కువగా అంటుకుంటుంది. ప్రింటుకు కావలసిన ఫైలును మాత్రం ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వెళ్లి, వచ్చాక దాన్ని ఫార్మాట్ చేయండి. ఇప్పటికే అలా అయి ఉంటే కంగారు పడకండి, చాలాసార్లు అసలు ఫోల్డర్లు దాగి ఉంటాయి గాని పోవు. షార్ట్‌కట్‌లను నొక్కకుండా, యాంటీవైరస్‌తో శుభ్రం చేయించి, దాగిన ఫైళ్లు చూపించే అమరిక పెట్టి చూడండి.

ఎన్నాళ్లకొకసారి తీసి చూడాలి?

ఏడాదికి రెండుసార్లు. మా ఇంట్లో ఉగాదికి, ఆయుధపూజకు తీస్తాం. ఆయుధపూజ నాడు డిస్క్‌కు బొట్టు పెట్టేవారు యూఎస్‌బీ రంధ్రంలో కుంకుమ పడకుండా చూసుకోవాలి, ఇది నవ్వులాటకు చెబుతున్న మాట కాదు. అయిదారేళ్లు నిండిన డిస్క్ బాగా పనిచేస్తున్నా సరే, కొత్తది కొని దానిలోకి కాపీ చేసి, పాతదాన్ని మూడవ ప్రతిగా ఉంచుకోండి.

## ఏదైనా చెడిపోతే

డిస్క్ పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలి’ అంటోంది. నొక్కాలా?

నొక్కవద్దు. ముందు వేరే తీగతో, వేరే కంప్యూటరులో పెట్టి చూడండి. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన డిస్క్‌ను విండోస్‌లో పెట్టినా ఇదే మాట వస్తుంది, అప్పుడు లోపల అన్నీ క్షేమంగానే ఉంటాయి. ఎక్కడా తెరుచుకోకపోతే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము చెడిన పట్టికను బాగుచేయగలదు, కానీ అది తెలిసినవారి చేత చేయించడం మేలు.

హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తోంది.

వెంటనే తీసివేయండి, మళ్లీ పెట్టి చూడకండి. లోపలి ముల్లు దెబ్బతిన్నప్పుడు తిప్పిన కొద్దీ పళ్లెం మీద గీతలు పడతాయి. ఫ్రిజ్‌లో పెట్టడం, బియ్యంలో పెట్టడం, మూత విప్పడం వంటి చిట్కాలు నష్టాన్ని పెంచుతాయి. వేరే ప్రతి ఉంటే దాని నుంచి కొత్త డిస్క్ తయారుచేసుకోండి. లేకపోతే డేటా రికవరీ చేసేవారి దగ్గరకు వెళ్లాలి, ఖర్చు కొత్త డిస్క్ ధరకు చాలా రెట్లు అవుతుంది.

పొరపాటున ఫోల్డరు తొలగించాను. తిరిగి వస్తుందా?

ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా ఆపితే వచ్చే అవకాశం ఉంది. తొలగించిన వెంటనే ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, కొత్త ఫైలు వచ్చి కూర్చునే వరకు పాతది అక్కడే ఉంటుంది. ఎస్ఎస్‌డీలో ఆ ఆశ తక్కువ. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము ఫైళ్లను తవ్వి తీస్తుంది గాని వాటి పేర్లు తేలేదు. మీరు కష్టపడి పెట్టిన పేర్లన్నీ అంకెలుగా మారతాయి. ప్రతి ఫోల్డరులోనూ రాసి పెట్టుకున్న వివరాల ఫైలు ఉంటే వాటిని మళ్లీ గుర్తుపట్టడం సాధ్యమవుతుంది.

## ఇతరులకు అందించేటప్పుడు

బంధువులందరికీ కాపీలు ఇచ్చేయవచ్చా?

ఫొటోలు, పాత ఉత్తరాలు, గతించినవారి వివరాలు ధారాళంగా ఇవ్వండి, ఎక్కువ ఇళ్లలో ఉన్న కొద్దీ మంచిది. బతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, ఆధార్ ప్రతులు, ఆస్తి పంపకాల కాగితాలు ఉన్న ఫోల్డరును మాత్రం తీసి ఇవ్వాలి. ఉత్తరాలలోనూ ఒకసారి చూసుకోండి. అన్నదమ్ముల మధ్య 1970లలో జరిగిన మాటల పట్టింపు ఇవాళ మనవల పెళ్లి పందిట్లో బయటపడడం ఎవరికీ మంచిది కాదు.

నా తర్వాత దీన్ని ఎవరు తెరుస్తారు? వాళ్లకు ఏమి రాసి ఉంచాలి?

డిస్క్‌ను తెరవగానే కనిపించేలా ‘ముందు ఇది చదవండి’ అనే టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టండి. ఏ ఫోల్డరులో ఏముంది, వంశవృక్షం ఏ ప్రోగ్రాముతో తెరుచుకుంటుంది, చివరిసారి ఎప్పుడు చేర్చారు, ఇంకో ప్రతి ఎవరి ఇంట్లో ఉంది, అసలు కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయి అన్నవి అందులో ఉండాలి. అదే పేజీని ప్రింటు తీసి మడిచి డిస్క్ డబ్బాలో ఉంచండి. విదేశాలలో పెరుగుతున్న పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు కనుక ఆ ఒక్క పేజీని ఇంగ్లీషులో కూడా రాయండి. డబ్బా మీద పర్మనెంట్ మార్కరుతో ఇంటిపేరు, ఊరు, సంవత్సరం రాయండి. ఏ పేరూ లేని నల్ల డబ్బాను ఇల్లు సర్దేటప్పుడు పాత చార్జర్లతో కలిపి పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తారు.